స్ట్రీబెల్ గారి సొంత మైదానం

లౌవెన్‌ఫుర్ట్ విశ్వవిద్యాలయంలో క్రీడా మనస్తత్వ శాస్త్ర ఆచార్య పీఠానికి అన్ని విధాలా తగిన మనిషి దొరికాడని తెలియజేయడానికి అధికారులు సంతోషిస్తున్నారు. ఊరివాళ్ళూ సంతోషిస్తున్నారు. ఆ మనిషి డాక్టర్ గెర్నోట్ స్ట్రీబెల్ కాకపోవడం ఒక్కటే చిన్న లోటు. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, స్ట్రీబెల్ గారి భార్య తప్ప.

స్ట్రీబెల్ గారిది ఘనమైన విద్యా జీవితం. ఆటగాడి మనసులో ఏం జరుగుతుందో చెప్పే శాస్త్రం ఆయనది. ఆయన స్వయంగా బంతి తన్నిన దాఖలా లేదు. బళ్ళో ఒకసారి గోలు ముందు నిలబెడితే, బంతి రావడం చూసి పక్కకి జరిగి దారి ఇచ్చారట. ఆ మర్యాద చూసే వ్యాయామం మాస్టారు, ఈ కుర్రాడు చదువుల్లో పైకొస్తాడన్నాడు. పైకి వచ్చారు.

డాక్టర్ పట్టా కోసం ఆయన రాసిన మొదటి సంపుటం సారాంశం ఇది: సొంత మైదానంలో ఆడే జట్టు ఎక్కువగా గెలుస్తుంది. ఎందుకంటే జనం అరుస్తారు, ఆ అరుపు రిఫరీ చెవిలో పడుతుంది, చెవిలో పడ్డది ఈలలోకి దిగుతుంది. ఈ సంగతి మా ఊరి బీరు కొట్లో కూర్చునే ప్రతివాడికీ తెలుసు. కానీ వాళ్ళకి అధస్సూచికలు లేకుండా తెలుసు. అలా తెలియడాన్ని మా దేశంలో తెలియడం అనరు.

పట్టా ఒక్కటే ఉంటే చాలదు. పీఠం ఎక్కాలంటే రెండో పుస్తకం రాయాలి, అది మొదటిదానికంటే లావుగా ఉండాలి, కొత్తది చెప్పాలి. స్ట్రీబెల్ గారు ఏడేళ్ళు కూర్చుని రాశారు. అందులో తేల్చింది: తాడోపేడో తేలిపోయే ఆఖరి ఆటలో మాత్రం సొంత మైదానంలో ఆడేవాళ్ళే ఓడిపోతారు. కీలక ఘడియలో మనిషిని కూలదోసేది పరాయివాళ్ళ కేకలు కావు, అయినవాళ్ళ మౌనం. మొదటి సంపుటం ఇంట్లో గెలుస్తారంది, రెండో సంపుటం ఇంట్లో ఓడతారంది. రెండూ నిజమేనని పరీక్షకులు సంతకాలు పెట్టారు. రెండోదానికి బహుమతి కూడా ఇచ్చారు.

ఆ బహుమతితో పాటు ఆయనకి ఒక హక్కు దక్కింది. జీతం లేకుండా పాఠం చెప్పుకునే హక్కు. చెప్పడం మానేస్తే హోదా పోతుంది. అంత గౌరవానికి కూలి కట్టడం బాగుండదని పెద్దలు ఏనాడో తీర్మానించారు. కనుక స్ట్రీబెల్ గారు గౌరవం కోసం ఉదయం పాఠం చెప్పేవారు, రొట్టె కోసం మధ్యాహ్నం ఎవరెవరి పరిశోధనల్లోనో చిన్నాచితకా పనులు చేసేవారు. ఇల్లు నడిపేది భార్య వీబ్కె. ఆమె పగలు కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తుంది, సాయంత్రం ఆడపిల్లల హ్యాండ్‌బాల్ జట్టుకి ఆట నేర్పుతుంది. ఒకసారి ముఖ్యమైన ఆటకి ముందు భర్తని పిలిచి, పిల్లలకి నాలుగు ధైర్యం మాటలు చెప్పమంది. ఆయన నిబ్బరాన్ని గురించి ముప్పావుగంట చెప్పారు. పిల్లలు అంతకుముందు లేని కంగారు తెచ్చుకుని చక్కగా ఓడిపోయారు. తర్వాత జట్టు ఆయన్ని ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు.

మా ఊరి పీఠం మీద అప్పటికి అడాల్బెర్ట్ క్విట్సో గారు కూర్చుని ఉన్నారు. ఆయనా గొప్పవారే. పెనాల్టీ తన్నేవాడు ఎడమకి తంతాడా కుడికి తంతాడా అన్నది జీవితమంతా పరిశీలించి, రెండూ జరుగుతాయని తేల్చారు. ఆయన దిగిపోతే స్ట్రీబెల్ గారు ఎక్కుతారని బయటివాళ్ళకి అనిపించవచ్చు. బయటివాళ్ళకి నియమం తెలియదు కనుక అలా అనిపిస్తుంది.

నియమం ఏమంటే, ఇంట్లోవాణ్ణి ఇంటి పీట మీద కూర్చోబెట్టకూడదు. పక్షపాతం వస్తుంది. వేరే ఊరి పీఠానికే వెళ్ళాలి. ఎరిగినవాళ్ళు తీసుకోకూడదు, ఎరగనివాళ్ళు తీసుకోరు. నిష్పాక్షికత అంటే ఇంతకంటే ఏముంటుంది? స్ట్రీబెల్ గారు సంచీలో రొట్టెముక్కలు పెట్టుకుని ఊరూరా తిరిగి పరీక్షా ప్రసంగాలు ఇచ్చారు. వెళ్ళిన ప్రతి చోటా రెండో స్థానం ఇచ్చి, కాఫీ ఇచ్చి, రైలెక్కించారు. ఇంటికొచ్చి, పరాయి మైదానంలో ఓడిపోవడం సహజమేనని మొదటి సంపుటం తీసి భార్యకి చూపించేవారు.

"పేజీ చూపించక్కర్లేదయ్యా," అనేది వీబ్కె. "సంచీ ఇలా ఇవ్వు, ఆ నూనె కాగితాలు తీసేస్తాను."

ఇలా ఆయనకి యాభై దాటింది. మా రాష్ట్రంలో యాభై రెండు నిండినవాణ్ణి శాశ్వతంగా పీఠం మీద కూర్చోబెట్టరు. ఆ వయసులో మనిషి బుద్ధి చెడిపోతుందని కాదు, పింఛను లెక్క చెడిపోతుందని. క్విట్సో గారు వసంతంలో దిగిపోతారు. స్ట్రీబెల్ గారికి శరదృతువులో యాభై రెండు నిండుతాయి. మధ్యలో ఉన్నది ఒక్క వేసవి, ఒక్క అవకాశం. ఆ అవకాశం ఉన్నది సొంత ఊళ్ళో. సొంత ఊళ్ళో నియమం ఉంది.

నియమాలు పెట్టినవాళ్ళు దయగలవాళ్ళు. రెండేళ్ళు బయట పని చేసి వస్తే ఇంట్లోవాడు కూడా బయటివాడే అవుతాడు. ఈ దయ సంగతి స్ట్రీబెల్ గారు ముందే చూసుకున్నారు. పక్క ఊరు స్టైన్‌రోడెలో డాక్టర్ రోజ్‌విథా పాగెల్ అనే ఆవిడ ఉంది. ఇదే శాస్త్రం, ఇదే వయసు, ఇదే గౌరవం. రెండేళ్ళ కిందట ఒక మహాసభలో బంగాళాదుంపల సలాడ్ తింటూ ఆయన కదిపారు.

"రోజ్‌విథా, నువ్వు మా ఊరొచ్చెయ్. నేను మీ ఊరొస్తా."

"ఎందుకూ, మీ ఊళ్ళో సలాడ్ ఇంతకంటే బాగుంటుందా?"

"రెండేళ్ళు పోతే నేను మా ఊరికి పరాయివాణ్ణి. నువ్వు మీ ఊరికి పరాయిదానివి. ఇద్దరం హాయిగా సొంత పీఠాలకి దరఖాస్తు పెట్టుకోవచ్చు."

ఆవిడ ఫోర్కు పక్కన పెట్టింది. "మరి కొంపా గోడూ?"

"కొంప మార్చడం ఎందుకు? రైల్లో అరగంట."

"నా కుర్చీలో కూర్చుంటావు సరే. ఎత్తు మాత్రం మార్చకు. మళ్ళీ నాకు కుదరదు," అందావిడ.

అలా రెండేళ్ళపాటు ప్రతి ఉదయం ఆయన రైలు అటు, ఆవిడ రైలు ఇటు. రెండూ ఆలస్యంగానే నడిచేవి కనుక దారిలో పొలాల మధ్య ఆగిపోయి ఎదురెదురుగా నిలబడేవి. ఇద్దరు పండితులూ కిటికీల్లోంచి చేతులు ఊపుకునేవారు. రెండు విశ్వవిద్యాలయాలూ తమ తమ వార్షిక నివేదికల్లో మేధావుల రాకపోకలు పెరిగాయని రాసుకున్నాయి. అది అక్షరాలా నిజం.

ఈలోగా మా విశ్వవిద్యాలయానికి మంచి రోజులొచ్చాయి. ఊళ్ళో పరుపుల కర్మాగారం నడిపే బోల్కో టీట్యెన్ గారు ప్రసంగశాలని బాగు చేయించి దానం చేశారు. పాతకాలపు ఓక్ బల్లలు పీకించి నేలమాళిగలోని భోజనశాలకి పంపేశారు. వాటి స్థానంలో ఆకుపచ్చ మఖమల్ కుర్చీలు వెలిశాయి. చేతులు పెట్టుకునే చోట మెత్త, వీపుకి మెత్త, ముందు బల్ల లేదు. ప్రారంభోత్సవంలో టీట్యెన్ గారు ప్రసంగించారు.

"మహాజనులారా, విజ్ఞానం కఠినమైనది. కనుక కిందనైనా మెత్తగా ఉండాలి. ఈ శాలలో కూర్చున్నవారు లేవాలని కోరుకోరని మా సంస్థ హామీ ఇస్తోంది."

అది విని క్విట్సో గారు అప్పటికే నిద్రపోయారు. హామీ నిలబడినట్టే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా దగ్గర పండితుడు మాట్లాడి ముగించాక చప్పట్లు కొట్టరు. చప్పట్లు సర్కసువాళ్ళకి, మంత్రులకి. పండితుడికైతే పిడికిలి మడిచి, వేళ్ళ కణుపులతో ముందున్న బల్ల మీద టకటకా తడతారు. ఎంత తడితే అంత మెప్పు. తాతలనాటి నుంచీ ఇంతే. పాత ఓక్ బల్లల మీద ఆ తట్టుళ్ళకి గుంటలు కూడా పడ్డాయి. కొత్త శాలలో బల్లలు లేవన్న సంగతి శాల మరమ్మతు కమిటీలో ఎవరికీ తట్టలేదు. కమిటీ కుర్చీల రంగు గురించి రెండు నెలలు చర్చించింది, అందులో అలసిపోయింది.

వేసవిలో పీఠానికి పరీక్షా ప్రసంగాల రోజు వచ్చింది. ఎంపిక కమిటీ పిలిచింది నలుగురిని. నాలుగో ఆయన డాక్టర్ ఫాల్క్ ఓస్టర్‌కాంప్, ఊరికే జాబితా నిండడానికి పిలిచినవాడు. పొట్టి గుర్రాల మీద సవారీ చేసే పిల్లల నిబ్బరం ఆయన విషయం. గుర్రం బెదరకపోతే పిల్లలూ బెదరరని ఆయన కనిపెట్టారు. ఆయన రైలు ఎక్కడో ఆగిపోయిందని పొద్దున్నే కబురొచ్చింది. ఇక మిగిలింది ముగ్గురు.

స్ట్రీబెల్ గారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ భార్యతో అన్నారు: "ఇవాళ నువ్వు రాకపోతేనే మంచిది."

"ఏం?"

"ఇది తాడోపేడో తేలే రోజు. అయినవాళ్ళు ఎదురుగా ఉంటే కాళ్ళు వణుకుతాయి. రెండో సంపుటంలో రాశాను కదా."

"మొదటి సంపుటంలో అయినవాళ్ళుంటే గెలుస్తారనీ రాశావుగా."

"అది మామూలు ఆటలకి."

"నేను మొదటి సంపుటమప్పుడు పెళ్ళి చేసుకున్నదాన్ని," అంది వీబ్కె. "వస్తున్నా. కాలరు సరిచేసుకో."

వాళ్ళు చేరేసరికి మొదటి ఇద్దరి ప్రసంగాలూ అయిపోయాయి. మొదటావిడ పర్వతారోహకులకి భయం పోగొట్టే నిపుణురాలు. ముగించగానే ముఖం పాలిపోయి, దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి వెళ్ళిపోయిందట. రెండో ఆయన విలుకాళ్ళకి నిశ్చలత్వం నేర్పేవాడు. ముగించి, కొంచెంసేపు నిలబడి, గొంతు నొప్పి అని పక్క తలుపులోంచి జారుకున్నాడట. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. స్ట్రీబెల్ గారు కూడా ఎందుకని అడగలేదు. అదృష్టాన్ని ఎవరైనా ఎందుకొచ్చావని అడుగుతారా? ఇక పీఠం తనదే. మెట్లెక్కుతుంటే కాళ్ళు వణకలేదు కూడా.

ప్రసంగం అద్భుతంగా సాగింది. ఇది వ్యంగ్యం కాదు, నిజంగానే బాగా మాట్లాడారు. కాగితాలు చూడలేదు. రిఫరీ చెవి కథ చెప్పినప్పుడు వెనక వరసలో విద్యార్థులు నవ్వారు. క్విట్సో గారు మెలకువగా ఉన్నారు. రోజ్‌విథా ముందు వరసలో కూర్చుని తల ఊపుతోంది. ఆఖరి వాక్యం చెప్పి, స్ట్రీబెల్ గారు తల వంచి నిలబడ్డారు.

సభ మొత్తం పిడికిళ్ళు మడిచింది. తట్టింది. ఇంత ఆనందంగా మా విశ్వవిద్యాలయం ఎన్నడూ తట్టలేదని అక్కడున్నవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. కొందరు రెండు చేతులతోనూ తట్టారు. తట్టిన ప్రతి పిడికిలీ టీట్యెన్ గారి మఖమల్లోకి మెల్లగా దిగి, మెల్లగా పైకి లేచింది. పరుపు మీద పిల్లి నడిచినంత చప్పుడు కూడా కాలేదు.

వేదిక మీద దీపాల వెలుగు కళ్ళల్లో కొడుతోంది. స్ట్రీబెల్ గారికి మనుషులు కనిపించడం లేదు. వినిపించాల్సింది వినిపించలేదు. ఆగారు. ఇంకా ఆగారు. అప్పుడు ఎక్కడో వెనక నుంచి ఒక్క జత చేతులు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాయి. మైదానం అవతలి వైపున్న పిల్లని పరిగెత్తించే చప్పట్లు. ఆ చేతులు ఎవరివో ఆయనకి తెలుసు. సభలో తలలన్నీ అటు తిరిగాయి. వీబ్కె ఇంకా గట్టిగా కొట్టింది.

ఆటగాళ్ళకి ఆయన ఎప్పుడూ చెప్పేది ఒకటే: అలాంటి క్షణంలో ఏమీ చేయకండి, ఊపిరి వదలండి, దూరంగా ఒక వస్తువుని చూడండి, ఏ నిర్ణయమూ తీసుకోకండి. దీని మీద ఆయన అచ్చేసిన వ్యాసాలు ఒక అర నిండా ఉన్నాయి. అవేవీ ఆ సమయంలో గుర్తుకు రాలేదు. మైకు దగ్గరికి జరిగి, "కమిటీవారికి శ్రమ ఇవ్వదలచుకోలేదు. నా దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను," అన్నారు.

ఆ నిరాడంబరత చూసి సభ ముగ్ధమై మరోసారి పిడికిళ్ళతో తట్టింది. ఆ రెండో నిశ్శబ్దంతో ఆయనకి మిగిలిన ఒకటీ అరా అనుమానం కూడా తీరిపోయింది.

నడవాలో రోజ్‌విథా పరిగెత్తుకొచ్చి పట్టుకుంది. "గెర్నోట్, మతి గాని పోయిందా నీకు? ఎంత బాగా మాట్లాడావు, చేజేతులా వదిలేసుకుంటావేంటి?"

"చచ్చిన మౌనం. విన్లేదా నువ్వు?"

"మౌనమేంటయ్యా. చెయ్యి నొప్పెట్టేదాకా తట్టాను. ఆ కుర్చీలో మణికట్టుదాకా దిగబడింది."

స్ట్రీబెల్ గారు ఆమె చేతి వంక చూశారు. తర్వాత నేరుగా డీన్ గారి గదికి నడిచారు. డీన్ గారు అంతా సానుభూతితో విన్నారు.

"సహోద్యోగి గారూ, మీ బాధ నాకు పూర్తిగా అర్థమైంది. దరఖాస్తు వెనక్కి తీసుకునే పద్ధతి మన నిబంధనల్లో ఉంది. వెనక్కి తీసుకున్నదాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి లేదు. ఉంటే మీకు చెప్పకుండా దాచుకుంటానా?"

"కానీ వాళ్ళంతా తట్టారు కదా."

"తట్టినట్టు రుజువు?"

స్ట్రీబెల్ గారి దగ్గర రుజువు లేదు. శాస్త్రవేత్త కనుక ఆ మాటకి ఎదురు చెప్పలేకపోయారు.

సాయంకాలానికి ఓస్టర్‌కాంప్ గారు దిగారు. అప్పటికి ప్రసంగశాలకి తాళం పడింది. వేళ దాటాక తెరిచే నియమం లేదు. కమిటీ ఎలాగూ ఆకలితో ఉంది, కనుక నేలమాళిగ భోజనశాలలోనే కానిచ్చేద్దామన్నారు. ఆయన ఓక్ బల్లల మధ్య నిలబడి పొట్టి గుర్రాల గురించి పావుగంట చెప్పారు. ముగించారు. కమిటీ పిడికిళ్ళు మడిచింది. పొద్దుటినుంచీ చప్పుడు లేక చిన్నబోయి ఉన్న పిడికిళ్ళవి. పాత గుంటల్లో పడగానే గదంతా ఉరిమింది. సాసేజీల్లోకి ఆవపిండి పచ్చడి ఇంకా రాలేదని అవతలి బల్లల మీద విద్యార్థులు తట్టారు. అదీ కలిసింది. ప్లేట్లు ఎగిరాయి. ఇంత ఏకగ్రీవమైన స్పందన తన అనుభవంలో లేదని కమిటీ అధ్యక్షుడు నమోదు చేయించాడు. పీఠం అక్కడే ఖాయమైంది.

చప్పుడు రిఫరీ చెవిలో పడి తీర్పులోకి దిగుతుందని స్ట్రీబెల్ గారు మొదటి సంపుటంలో నిరూపించి పాతికేళ్ళయింది. దాన్ని ఆ కమిటీలో ముగ్గురు మెచ్చుకుంటూ సమీక్షలు కూడా రాశారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర వీబ్కె రొట్టె మీద వెన్న రాసి ఆయన ముందుకి తోసింది. తర్వాత అడిగింది.

"నాకొక్కటి చెప్పు. తట్టితే చప్పుడు రావట్లేదని వాళ్ళకి తెలుస్తూనే ఉంది కదా?"

"తెలిసే ఉంటుంది."

"మరి అందరికీ రెండేసి చేతులున్నాయిగా. ఒకదాని మీద ఒకటి కొట్టడానికేం రోగం?"

"పండితసభలో చప్పట్లు కొట్టరు, వీబ్కె."

"ఒక మనిషి అక్కడ నిలబడి కూలిపోతున్నా కొట్టరా?"

"ఆనవాయితీ లేదు," అన్నారు స్ట్రీబెల్ గారు. అని, వెన్న రాసిన రొట్టె తినకుండానే లేచారు.

శరదృతువు వచ్చింది, యాభై రెండు నిండాయి. విశ్వవిద్యాలయం కృతఘ్నురాలు కాదు. ఆయన సేవలకి మెచ్చి, పీఠం లేని ఆచార్య బిరుదు ఇచ్చింది. తలుపు మీద ఆచార్యుడని రాసుకోవచ్చు. తలుపు మాత్రం ఇవ్వలేదు. ఓస్టర్‌కాంప్ గారు చాలా మంచివారు, తన గది మూలలో ఒక మేజా వేయించారు. అక్కడ కూర్చుని స్ట్రీబెల్ గారు మూడో సంపుటం రాశారు. సభలో మౌనం గురించి.

జరిగినదాని మీద విచారణ కమిటీ కూడా కూర్చుంది. తప్పు కుర్చీలదేనని తేల్చి, ప్రతి కుర్చీ చేతికీ అరచేయంత చెక్క పలక ఒకటి బిగించాలని సిఫారసు చేసింది. బిగించారు. తట్టడానికి తప్ప మరి దేనికీ వాడరాదని దాని మీద రాయించారు. అప్పటినుంచీ మా ప్రసంగశాలలో విఫలమైన ప్రసంగం ఒక్కటీ లేదు. వక్త నోరు తెరిచినా తడతారు, దగ్గినా తడతారు. బయటి ఊళ్ళనుంచి పండితులు మా ఊరంటే చెవి కోసుకుంటున్నారు.

మూడో సంపుటం విడుదల సభ అక్కడే జరిగింది. స్ట్రీబెల్ గారు మౌనం గురించి మాట్లాడటానికి లేచారు. మంచినీళ్ళు తాగారు. సభ తట్టింది. కాగితాలు సర్దుకున్నారు. సభ తట్టింది. సభలో మౌనానికి అర్థాలు చాలా ఉంటాయని మొదలుపెట్టగానే సభ ఎంతగా తట్టిందంటే ఆ అర్థాలేమిటో తట్టేవాళ్ళెవరికీ వినిపించలేదు. ఆయన ఈసారి వేదిక దీపాలు తగ్గించమన్నారు. మనుషులు కనిపిస్తున్నారు. తట్టుడు మధ్య ఆయన చూపు వెనక వరసకి వెళ్ళింది. వీబ్కె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, మెడ ముందుకి చాచి కూర్చుని ఉంది.

ఇంటికి నడిచి వెళ్తూ అడిగారు. "ఇవాళ ఒక్కసారి కూడా చప్పట్లు కొట్టలేదేం?"

"నువ్వేం చెబుతున్నావో విందామని," అంది వీబ్కె. "మూడో అర్థం దాకా వినపడింది. నాలుగోది ఏంటి?"

స్ట్రీబెల్ గారు రోడ్డు మీదే ఆగి, నాలుగో అర్థం మొదటినుంచీ చెప్పారు. ఆయన విద్యా జీవితంలో అంత శ్రద్ధగా విన్న సభ అదే. దానికి నమోదు లేదు.

ఇక ఇంతదాకా ఓపిగ్గా చదివిన మహాజనులకి ఒక మనవి. ఈ కథ నచ్చితే మీ మెప్పు తెలియజేయవచ్చు. మీ ముందు బల్ల ఉందో లేదో మాకు తెలియదు. చేతులైతే రెండు ఉండే ఉంటాయి. తొందరేం లేదు, ముందు పక్కవారు ఏం చేస్తారో చూసుకోండి. వారూ మీ వంకే చూస్తుంటారు.